కుడిచేతి పీతలు

రోజు 17. పలకలు 1,020.

పొద్దున్నే తెరల మీద ఉప్పు తుడిపించాను. పదకొండు కంప్యూటర్లు, ఇరవై ఆరు మంది పిల్లలు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. కరెంటు పదింటి నుంచి పన్నెండింటి దాకే. ఆ రెండు గంటల్లోనే జరపడం, తిప్పడం, అద్దం, మూడూ చూపించాలి. తెర మీద మూడు మీటలు. గీసిన ఆకారాన్ని పక్కకి జరపొచ్చు. ఒక బిందువు చుట్టూ తిప్పొచ్చు. అద్దంలో చూసినట్టు కుడిని ఎడమ చేయొచ్చు. ఏది చేసినా కొలతలు మారవు, ఆకారం అదే. పదకొండేళ్లుగా ఈ మాట చెప్తున్నాను, పిల్లలు నాతో కలిసి పాటలా అంటారు.

బడి రోజువారీ పుస్తకంలో కప్పు పలకల లెక్క కూడా రాయమని, వీధుల మీద కప్పులు వేయించే కప్పు సంఘం చెప్పింది. ఈసారి కప్పు పలక ఆకారం మా బడిలో పుట్టింది కాబట్టి. ఏటా నిప్పులా వీచే ఎర్రగాలికి నిరుడు నాలుగో వీధి కప్పు లేచిపోయింది. అవి చదరపు పలకలు. ఒకటి ఊడేసరికి ఆ గీత వెంట వరుస వరుసంతా జిప్పు లాగినట్టు విడిపోయింది. ఒకదాన్నొకటి పట్టుకుని వదలని ఆకారం కావాలన్నారు సంఘం పెద్ద శేషారత్నం గారు. పిల్లలు గీసిన నలభై పటాల్లోంచి మస్తానమ్మ గీసింది ఎంపికైంది. పదిహేనేళ్ల పిల్ల, వాళ్ల ఇల్లు నాలుగో వీధిలోనే. ఇల్లంటే ఇప్పుడు గోడలే. నలభై ఆరు కుటుంబాలు ఏడాదిగా మూడో వీధి వరండాల్లో పడుకుంటున్నాయి.

తను గీసింది పీత. ఒక చెయ్యి బారెడు, ఒక చెయ్యి బెత్తెడు ఉంటుందే, ఉప్పు మడుల్లో, ఆ పీత. దాని పెద్ద చెయ్యి పక్క పీత నడుం కింద సందులో దూరుతుంది. మధ్యలో వెంట్రుకంత ఖాళీ ఉండదు.

రోజుకి అరవై పలకలు, అంటే ఒక నిలువు వరుస. నలభై రోజులు, నలభై వరుసలు. నలభై ఒకటో రోజు నుంచి ఎర్రగాలి ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. వరసగా రెండో ఏడు కూడా కప్పు పడని వీధిని ఊరి పటంలోంచి తీసేస్తారు. మనుషుల్ని లోపలి ఊళ్లకి పంచుతారు, తలా ఒక చోటికి.

అంతా సవ్యంగానే ఉంది. ఉన్నప్పుడే నాకు భయం ఎక్కువ.

రోజు 20. పలకలు 1,200.

సగం పని అయిన రోజు, పలకలు పోసే ఉప్పు మడి నుంచి ఒక పలక బడికి పంపడం ఇక్కడి ఆనవాయితీ. ఇద్దరు మోసుకొచ్చారు. మీటరు పొడవు. పైన తెల్లటి ఉప్పు పూత, ఎండని వెనక్కి కొట్టేది. అడుగున నల్లటి నాచు పొర, మెత్తగా, వేలు పెడితే దిగుతుంది. పసుపు రాసి, పిల్లలందరి చేత ముట్టించాం.

వరండాలో పిల్లలు ముందే పటాన్ని అసలు కొలతలతో సుద్దతో గీసి ఉంచారు, మూడు నిలువు వరుసలు. పలకని ఎత్తి మొదటి వరుసలో ఒక పీత మీద పెట్టారు. అచ్చంగా సరిపోయింది. ఈలలు. రెండో వరుసలోకి తెచ్చారు. జరిపారు, తిప్పారు, తలకిందులు చేశారు. పెద్ద చెయ్యి ఎప్పుడూ అవతలి వైపుకే పోతోంది.

మస్తానమ్మ ఒక్కతే అంచు పట్టుకుని పలకని బోర్లించింది. పలక గీతల్లో అచ్చంగా కూర్చుంది.

"టీచర్, బోర్లిస్తేగానీ కూర్చోడంలా."

"నువ్వు గీసిందేగా, నీకే తెలీదా?" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"అది కాదు. చూడండి టీచర్, తెల్లది కిందికి పోయింది. నల్లది పైకొచ్చింది."

నేను చూశాను. వెంటనే అర్థమైంది. తను రెండో వరుస పీతలన్నీ అద్దం మీటతో చేసింది. అద్దంలో చూపించి, కాస్త కిందికి జరిపింది. తెర మీద ఆకారానికి మందం లేదు, పైపూత లేదు, అడుగు లేదు. పలకకి ఉన్నాయి. మడికి నేను పంపింది ఒక్క పీత బొమ్మే. మొత్తం పటం మా దగ్గర, ఒక్క పలక వాళ్ల దగ్గర. పెద్ద చెయ్యి ఎడమ వైపున్న పీతలు సగం కావాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"తెర మీద సరిపోయిందిగా మస్తానీ," అన్నాను. "రేపు చూద్దాం."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. పలకని గోడకి ఆనించారు, తెల్లవైపు బయటికి.

రోజు 21. పలకలు 1,260.

పదింటికి కరెంటు రాగానే పటం తెరిచాను. సరిచూడు మీట నొక్కాను. 'ఖాళీలు లేవు, ఒకదానిపై ఒకటి ఎక్కినవి లేవు' అని ఆకుపచ్చగా వచ్చింది. నాలుగు సార్లు నొక్కాను. నాలుగు సార్లూ అదే. ఒకవేళ ఏసుపాదానికి ముందే తెలుసేమో. మేస్త్రి, ముప్ఫై ఏళ్లుగా మడిలో ఉన్నాడు. ఎడమవి విడిగా అచ్చు వేయిస్తున్నాడేమో. పంపిన పలక కుడిది కావడం యాదృచ్ఛికమేమో. ఇలా ఎన్ని 'ఏమో'లు పేర్చుకోగలనో నాకు బాగా తెలుసు.

సాయంత్రం, పలక పంపినందుకు మెచ్చుకునే నెపంతో మడికి వెళ్లాను. పలకలు దొంతర్లుగా ఉన్నాయి. ప్రతి దొంతర చుట్టూ తిరిగి చూశాను. పెద్ద చేతులన్నీ కుడికే.

ఏసుపాదం అచ్చుల దగ్గర ఉప్పు తోడుతున్నాడు. అతని చేతులకి రబ్బరు గ్లౌజులు. రెండూ కుడి చేతివే. ఎడమ చేతికి వేసినదాని బొటనవేలు ఎటో ఖాళీగా వేలాడుతోంది.

"అదేంటి ఏసుపాదం?"

"ఎడంది కాలవలో కొట్టకపోయింది టీచరమ్మా. ఉన్నదాంతో ఏగతన్నా. తిరగేసి వేస్తే ఎక్కుద్ది గానీ, లోపలి బొచ్చు బయటికొచ్చి ఉప్పంతా తాగేస్తది." నవ్వాడు. "ఏంది, అట్టా చూస్తన్నావు? మళ్లా ఏమన్నా అనుమానమా?"

"లేదు లేదు. ఊరికే వచ్చాను," అన్నాను.

అతని మాటలో ఎగతాళి లేదు, పాత అలవాటు ఉంది. ఆరేళ్ల కిందట మూడో వీధి పలకల కొలతలో పొరపాటు ఉందని నేను మడి ఆపించాను. నాలుగు రోజులు పని ఆగింది. చివరికి పొరపాటు పలకల్లో లేదు, నా కొలబద్దలో ఉంది, ఎండకి సాగింది. ఆ నాలుగు రోజుల పని మిగిలిపోయి, గాలి వచ్చినప్పుడు మూడో వీధి చివర తెరిచే ఉంది. ఎవరూ చనిపోలేదు. కానీ అప్పటి నుంచి నేను అనుమానం టీచర్‌ని. పిల్లలు నా ముందు అనరు. తల్లులు అంటారు.

రోజు 22. పలకలు 1,320.

మడికి నేను పంపిన కాగితం నకలు వెతికి తీశాను. పీత బొమ్మ కింద నా చేతిరాత: 'ఈ ఒక్క పలక చాలు. మిగతావన్నీ దీని ప్రతులే.' కింద నా సంతకం. ఆ మాట మస్తానమ్మది కాదు. పటం తప్పు కాదు కూడా. పటం ప్రకారం రెండు అచ్చులు కావాలి, ఒకటి చాలన్నది నేను.

లెక్క వేసుకున్నాను. కుడిచేతి పీతలు మొత్తం పన్నెండు వందలే కావాలి. ఆ లెక్క ఇరవయ్యో రోజు సాయంత్రానికి నిండిపోయింది. నాకు తెలిసిందీ అదే సాయంత్రం. ఆ క్షణాన నోరు తెరిచి ఉంటే ఒక్క పలకా వృథా అయ్యేది కాదు. పరచడం ముప్ఫై ఒకటో రోజున మొదలవుతుంది. అందాకా ఎవరికీ తెలియకపోతే ఆరువందలు తప్పుడువి తేలతాయి, వీధిలో పావు వంతు.

ఇంత స్పష్టంగా రాసి కూడా మళ్లీ వరండాలోకి వెళ్లాను. పలకని నేనే ఎత్తి, సుద్దబొమ్మ మీద తిప్పి చూశాను. సుద్ద చెరిగి గీత పక్కకి పోయిందేమో. కొలత తప్పిందేమో. పోయినసారి కూడా నాకు ఇంతే స్పష్టంగా అనిపించింది మరి.

మధ్యాహ్నం శేషారత్నం గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఎండలో కూడా గొడుగు పట్టరు. పలకని చేత్తో నిమిరారు.

"బంగారంలా వచ్చింది వకుళా. ఈసారి నీ నోట అనుమానం అన్న మాట రాలేదు, అదే నాకు సగం బలం."

తలూపి, ఆవిడకి మంచినీళ్లు ఇచ్చాను.

ఆవిడ వెళ్లాక మస్తానమ్మ బల్ల దగ్గరే నిలబడింది. "రేపు చూద్దామన్నారు టీచర్. రేపంటే ఎప్పుడు?"

"పాఠం చూసుకో," అన్నాను. కసురుకున్నాను. ఈ పిల్లని ఎప్పుడూ కసురుకోలేదు నేను.

రోజు 23. పలకలు 1,380.

పదింటికి మస్తానమ్మ రాలేదు. ఈ పుస్తకం తెరిస్తే నిన్నటి పేజీలో మడత పెట్టిన కాగితం ఉంది. ఇక్కడ అంటించాను.

'కప్పు సంఘానికి. పటం నేనే తప్పు గీశాను. అద్దం మీట వాడకూడదని నాకు తెలీదు. టీచర్‌కి తెలీదు. మస్తానమ్మ, పదో తరగతి.'

'టీచర్‌కి తెలీదు' అన్న చోట పెన్ను గట్టిగా నొక్కి రాసింది. సంఘానికి ఇచ్చే ముందు నేను చూడాలని ఇందులో పెట్టింది. అంటే నిన్నటి పేజీ చదివింది. ఇరవయ్యో రోజుది కూడా చదివే ఉంటుంది.

పిల్లలకి లెక్కలు ఇచ్చి, పన్నెండు కాకముందే మడికి బయల్దేరాను. దారిలో రెండు సార్లు ఆగాను, అది కూడా రాయాలి. మడి గేటు దగ్గర మస్తానమ్మ గోడ నీడలో కూచుని ఉంది. నన్ను చూసి లేచింది.

"కాగితం మీకు ఇష్టమైతేనే సంఘానికి ఇద్దాం టీచర్. మా నాయనమ్మ చెప్పింది, చిన్నపిల్ల తప్పు చేస్తే ఊరు రెండు తిట్లు తిట్టి ఊరుకుంటది, టీచర్ చేస్తే ఊరుకోదంట."

"నువ్వు తప్పు గీయలేదు. నాతో రా."

లోపల శేషారత్నం గారు, ఏసుపాదం ఇద్దరూ ఉన్నారు. మధ్యాహ్నపు దఫా ఎండకి పెడుతున్నారు.

"ఏసుపాదం, ఆ ఎడమ చేతి గ్లౌజు తీసి ఇవ్వు," అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఇవ్వు చెప్తా."

బల్ల మీద రెండు కుడి గ్లౌజులు పక్కపక్కన పెట్టాను. ఒకదాన్ని జరిపాను. తిప్పాను. "ఇది ఎడమది అవుతుందా?"

"ఎంత తిప్పినా కాదు గదా. తిరగెయ్యాల."

"తిరగేస్తే?"

"బొచ్చు బయటికి..." అని ఆగాడు. దొంతర్ల వైపు చూశాడు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి దేవుడా. సగం పీతలు ఎడమవా?"

"సగం. అచ్చు ఒకటే చాలని నేను రాసిచ్చాను. పటంలో తప్పు లేదు. పటం గీసిన పిల్లే ఇరవయ్యో రోజున కనిపెట్టి నాకు చెప్పింది. రేపు చూద్దామంటూ మూడు రోజులు నేను చెప్పలేదు."

శేషారత్నం గారు రెండు గ్లౌజులూ తీసి ఏసుపాదానికి ఇచ్చేశారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎందుకు చెప్పలా?" అని అడిగారు.

"మళ్లీ తప్పు అనుమానమైతే అని."

"పోయినసారి నీకు అనుమానం వచ్చిందని కాదమ్మా జనం అలిగింది. కొలబద్ద ఇంకోటి తెచ్చి చూడమంటే చూడలేదని. ఈసారి నీ పక్కనే ఇంకో కొలబద్ద ఉండె, ఈ పిల్ల. దాన్ని రేపు రమ్మన్నావు." ఏసుపాదం వైపు తిరిగారు. "ఎన్ని ఎక్కువ?"

"ఇయ్యాళ్టి దఫా ఎండకి పెట్టేశాం, ఇంక ఆగదు. దాంతో కలిపి నూట ఎనభై."

"సున్నం కొడితే?"

"నాచు మీద సున్నం రెండు రోజులు నిలవదు. రెండు పక్కలా ఉప్పు పోస్తే పెళుసెక్కి పగుల్తాయి."

అప్పుడు మస్తానమ్మ నేల మీద కూచుని వేలితో లెక్క వేసింది. "రేపటి నుంచి ఎడమవి పోస్తే పదిహేడు రోజులు. పదిహేడు అరవైలు వెయ్యిన్నీ ఇరవై. కావాల్సింది పన్నెండొందలు. నూట ఎనభై తక్కువ. ఎక్కువొచ్చిన కుడివి కూడా నూట ఎనభయ్యే. వాటిని బోర్లిస్తే ఆకారం సరిపోద్ది. కప్పు మూసుకుంటది."

"మూసుకుంటది, నల్లది పైకి పెట్టుకుని," అన్నాడు ఏసుపాదం. "కింద ఉండేవాళ్లు వేగిపోతారు. ఎవరింటి మీద పెడతాం తల్లీ?"

శేషారత్నం గారు చీట్లు వేద్దామన్నారు. వద్దన్నాను. వీధి మొదట్లో నేనుండే గది, బడి కంప్యూటర్ల గది, సామాన్ల కొట్టు ఉన్నాయి. ఎర్రగాలి రోజుల్లో కరెంటు ఉండదు, కంప్యూటర్లు ఎలాగూ మూసే ఉంటాయి, పిల్లలు రారు. చివర్లో పరిచే ఆరు వరుసలు, మామూలివి మూడు, వాటి మధ్య బోర్లించినవి మూడు, అక్కడ వేయండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి తలూపారు. మెచ్చుకోలేదు, ఓదార్చలేదు.

రోజు 24. పలకలు 1,440. ఎడమవి 60.

పొద్దున కరెంటు రాగానే మస్తానమ్మే అద్దం మీట నొక్కి, ఎడమ పీతని మడికి పంపింది. ఈసారి కింద రాసింది తనే: 'ఇది రెండో పలక. మొదటిది బోర్లిస్తే ఇది కాదు.' నన్ను సంతకం పెట్టమంది. పెట్టే ముందు రెండు సార్లు చదివాను. "చాలు టీచర్, పెట్టండి," అంది.

ఈ కబురు మధ్యాహ్నానికే మూడో వీధి వరండాలకి చేరింది. ఒకామె నన్ను చూసి పక్కకి తిరిగింది. ఇంకొకామె మంచినీళ్లు ఇచ్చింది. ఏది ఎందుకో అడగలేదు.

రోజు 33. పలకలు 1,980.

పరచడం మొదలై మూడో రోజు. కుడి వరుస, ఎడమ వరుస, కుడి వరుస. పైనున్నవాళ్లు సుత్తితో తట్టితే చెయ్యి సందులో దిగే చప్పుడు కింద బడిలోకి వినిపిస్తోంది. పాఠం మధ్యలో ప్రతి చప్పుడుకీ నా మాట ఆగుతోంది. అద్దం మీట దగ్గర ఇప్పుడు కొత్త అలవాటు పెట్టాను. నొక్కే ముందు ఎవరైనా లేచి, కుడి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, దాన్ని ఎడమ చెయ్యి చేసి చూపించాలి. జరపొచ్చు, తిప్పొచ్చు, ఎత్తకూడదు. నిన్న ఒక పిల్లాడు బల్లెక్కి మెలికలు తిరిగాడు. అందరం నవ్వాం. నేను కూడా.

'ఏది చేసినా ఆకారం అదే' అన్న పాట మాత్రం ఆపేశాను. అది తప్పని కాదు. దేనికి సరిపోతుందో చెప్పకుండా పాడించాను.

రోజు 40. పలకలు 2,400. కుడివి 1,380, ఎడమవి 1,020.

చివరి పలక నా గది పైనే దిగింది. ఏసుపాదం పైనుంచి కేకేశాడు: "టీచరమ్మా, మూసేశాం! ఇంక అనుమానం ఉంటే కిందనుంచే చూసుకో!" చేతికి కొత్త ఎడమ గ్లౌజు ఉంది, ఊపి చూపించాడు.

సాయంత్రం నాలుగో వీధి వాళ్లు చాపలు, గిన్నెలు మోసుకుంటూ ఇళ్లల్లోకి వెళ్లారు. మస్తానమ్మ నాయనమ్మ గుమ్మం దగ్గర నిలబడి కప్పు వైపు అలా చూస్తూనే ఉంది.

రోజు 43. ఎర్రగాలి రెండో రోజు.

బయట యాభై మూడు డిగ్రీలు. వీధిలో ముప్ఫై ఆరు. నా గదిలో నలభై ఒకటి. గంటకోసారి చూసి రాస్తున్నాను. కప్పు ఎక్కడా లేవలేదు. గాలి కొట్టినప్పుడల్లా పీతలన్నీ ఒకేసారి బిగుసుకున్నట్టు చప్పుడవుతుంది. ప్రతిసారీ నేను లేచి నిలబడతాను. ఏమీ కాదు. మళ్లీ కూర్చుంటాను.

మస్తానమ్మ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వచ్చింది. వద్దన్నా వినలేదు.

"మా ఇంట్లో కప్పు చూస్తే అంతా నల్లగా ఉంటది టీచర్. ఒక పీతకీ ఇంకో పీతకీ తేడానే తెలీదు. ఇక్కడ చూడాలని వచ్చా."

కంప్యూటర్ల గదిలో నేల మీద వెల్లకిలా పడుకుంది. పక్కన నేనూ పడుకున్నాను. పైన ఒక నల్ల వరుస, ఒక తెల్ల వరుస, ఒక నల్ల వరుస. బోర్లించిన పలకల ఉప్పు పూత ఈ వైపుకి ఉంది. ఊరు మొత్తం మీద తను గీసిన పటం కిందనుంచి కనిపించేది ఈ గదుల్లోనే. పెద్ద చేతులు కుడికి, పెద్ద చేతులు ఎడమకి, ఒకదాని నడుం కింద ఒకటి.

తను తెల్ల వరుసలు వేలితో లెక్కపెట్టింది. "మూడు."

"మూడే."

"వరుసకి అరవై." వేలు వెనక్కి తెచ్చి మొదటి తెల్ల వరుస చూపించి, "ఇది నేను మిమ్మల్ని అడిగిన మర్నాడు పోసింది," అంది. "ఇది శేషారత్నం గారొచ్చిన రోజుది. ఇది నేను కాగితం రాసిన రోజుది."

అవునన్నాను. చెమట చెవుల్లోకి కారుతోంది.

"ఇంకో ఏడాదికి మార్చేస్తారంట గదా టీచర్, ఎడమవి పోసి?"

"మారుస్తామన్నారు. నేనే ఉంచమన్నాను."

మస్తానమ్మ తల తిప్పి నా వైపు చూసింది. ఏదో అడగబోయి, లేచి, తువ్వాలు మళ్లీ తడిపి సగం నా నుదుటి మీద వేసింది.

నాలుగు గంటలు. నలభై ఒకటిన్నర.